ట్విన్ ఆటర్ కాక్‌పిట్: స్క్రూలు తగ్గించు, సూదుల మీద పని చెయ్యి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర సీప్లేన్ కృష్ణ నీళ్ల మీద నుంచి లేచి శ్రీశైలం వెళ్తుంటే గుంటూరు నుంచి వచ్చి మరీ చూశావు. అది డి హావిలాండ్ కెనడా వాళ్ల ట్విన్ ఆటర్ అని తెలుసుకుని, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎగరేయడానికి దాని కాక్‌పిట్‌ను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ నువ్వే చేస్తున్నావు. ఎనిమిది నెలల పని. ఇరవై లక్షల ట్రయాంగిల్స్ (మోడల్ ఆకారాన్ని కట్టే చిన్న త్రికోణాలు), పన్నెండు 8కె టెక్స్చర్ సెట్లు (వాటి మీద తొడిగే పెద్ద చిత్రాలు). అయినా స్నేహితులు "ప్లాస్టిక్ బొమ్మలా ఉంది" అంటున్నారు, పైగా ఫ్రేమ్ రేట్ సగానికి పడిపోయింది. ఇంకా ఎక్కడెక్కడ డీటెయిల్ పెంచాలి అని అడిగావు.

నువ్వు పెట్టిన స్క్రీన్‌షాట్లు, ఆ చిన్న వీడియో రెండుసార్లు చూశాను. నా మాట ఇదీ: ఎక్కడా పెంచొద్దు. ఉన్నదాంట్లో సగం తీసెయ్. ఆ శ్రమంతా పైలట్ చెయ్యి వెళ్లే చోటికి, కన్ను ఆగే చోటికి తీసుకురా. కాక్‌పిట్ అంటే ఒక మనిషి రోజూ కూర్చుని పని చేసే చోటు. నీ మోడల్‌లో వస్తువులన్నీ ఉన్నాయి, మనిషి కూర్చున్న జాడ లేదు. బొమ్మలా అనిపించడానికి కారణం అదే.

నేనెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కూడా చెప్పాలి. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో మీటర్ల రిపేరు షాపు ఉండేది. లారీల స్పీడోమీటర్లు, ఆయిల్ ప్రెషర్ గేజ్‌లు, ఆంపియర్ మీటర్లు వచ్చేవి. బడి అయ్యాక అక్కడే కూర్చునేవాణ్ణి. సూది వెనక చిన్న బరువు ఎందుకుంటుందో, హెయిర్ స్ప్రింగ్ అలిసిపోతే సూది ఎలా వణుకుతుందో పద్నాలుగేళ్లకే తెలుసు. తర్వాత త్రీడీ మోడలింగ్ ఉద్యోగంలోకి వెళ్లాను. ఎఫ్‌ఎస్ 2004 (పాత ఫ్లైట్ సిమ్యులేటర్) రోజుల నుంచి సిమ్యులేటర్లకి గేజ్‌లు, కాక్‌పిట్లు చేస్తూనే ఉన్నాను.

ముందు ఒక మౌలికమైన తప్పు సరిచేద్దాం. నీ ప్యానెల్‌లో గుండ్రటి మీటర్ల పక్కన పెద్ద స్క్రీన్లు ఉన్నాయి. పాత సిరీస్ 300, కొత్త సిరీస్ 400 ఫొటోలు రెండూ కలిపేశావు. 1965లో మొదటిసారి ఎగిరిన ఈ విమానం 1988 దాకా తయారై ఆగిపోయింది. తర్వాత వైకింగ్ కంపెనీ దాన్ని సిరీస్ 400గా మళ్లీ తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 400లో హనీవెల్ ప్రైమస్ ఏపెక్స్ స్క్రీన్లు వస్తాయి, 300లో సూదుల మీటర్లు. ఏదో ఒకటి ఎంచుకో. మొదటి ప్రాజెక్టు కాబట్టి 300 చెయ్యమంటాను. స్క్రీన్లంటే అసలు మోడలింగ్ కన్నా కోడింగ్ పని ఎక్కువ. సూదుల మీటర్లలో నువ్వు నేర్చుకునేది చాలా ఉంది.

రెండోది, నువ్వు చూసింది నీళ్ల మీద దిగే విమానం. నీ కాక్‌పిట్‌లో మాత్రం నీటికి సంబంధించినది ఒక్కటీ లేదు. ఫ్లోట్ విమానానికి, అంటే చక్రాల బదులు పడవల్లాంటి తేలుడు గొట్టాలున్న విమానానికి, ఫ్లోట్ల వెనక వాటర్ రడ్డర్లు (నీళ్లలో దిశ మార్చే చుక్కానులు) ఉంటాయి. నీళ్ల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు అవి కిందికి, టేకాఫ్‌కి ముందు పైకి. వాటికి కాక్‌పిట్‌లో ఒక హ్యాండిల్ ఉండాలి. నేల మీదా నీటి మీదా దిగే ఆంఫిబియస్ ఫ్లోట్లయితే చక్రాలు కూడా ఉంటాయి కాబట్టి వాటి లైట్లు కావాలి: చక్రాలు పైకి ఉంటే నీలం, అంటే నీటికి సిద్ధం, కిందికి ఉంటే ఆకుపచ్చ, అంటే రన్‌వేకి సిద్ధం. చక్రాలు కిందికి ఉండగా నీళ్లలో దిగితే విమానం ముందుకు పల్టీ కొడుతుంది. అందుకని ఆ చిన్న దీపాలు ఆ పైలట్‌కి ప్రాణంతో సమానం. నువ్వు వెనక గోడ మీద చేసిన జిప్పు కుట్లకి వారం పెట్టానన్నావు. ఆ వారం ఈ దీపాలకి దక్కాల్సింది.

కొలతల సంగతి. నీ యోక్ (పైలట్ పట్టుకునే స్టీరింగ్) చిన్నదిగా, మీటర్లు పెద్దవిగా ఉన్నాయి. ఫొటోల నుంచి కొలత తీసేటప్పుడు అందరికీ జరిగే పొరపాటే ఇది, కానీ దీనికి ఖాయమైన ఆధారాలున్నాయి. విమానాల్లో పెద్ద గుండ్రటి మీటరుకి ప్యానెల్‌లో కోసే రంధ్రం స్టాండర్డ్‌గా మూడుంపాతిక కన్నా కాస్త తక్కువ, సరిగ్గా మూడూ ఒకటి బై ఎనిమిది అంగుళాలు, అంటే సుమారు 79 మిల్లీమీటర్లు. చిన్న మీటరుకి రెండుంపావు అంగుళం, అంటే 57 మిల్లీమీటర్లు. చిన్న విమానాల రేడియో స్టాక్ వెడల్పు ఆరుంపావు అంగుళం, 159 మిల్లీమీటర్లు. ఫొటోలో ఈ మూడింటిలో ఏది కనిపించినా అదే నీ స్కేలు. మిగతాదంతా దాన్నుంచి లెక్కగట్టు.

స్కేలు కుదిరాక కూర్చునే చోటు. కెమెరాని ఎక్కడ పెట్టావన్నది మోడల్‌లో సగం. ఎయిర్‌బస్ ఏ320లో ముందు అద్దాల మధ్య కమ్మీ మీద చిన్న రంగు బంతులు ఉంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి సరిగ్గా కలిసి కనిపించే దాకా పైలట్ సీటు జరుపుకుంటాడు. అప్పుడే అతని కన్ను డిజైనర్ అనుకున్న చోట ఉన్నట్టు. పైలట్ కంటి స్థానానికి అంత విలువ ఉంది. నీ కెమెరా సీటు తలగడ దగ్గర, వెనక్కి ఉంది. అందుకే ముందు అద్దం చిన్న కిటికీలా, ప్యానెల్ గోడలా కనిపిస్తున్నాయి. ఓ అడుగు ముందుకి జరిపి చూడు, సగం బొమ్మతనం అక్కడే పోతుంది.

ట్విన్ ఆటర్‌కి రెండు ప్రత్యేకతలున్నాయి, రెండూ నువ్వు తేలిగ్గా వదిలేశావు. ఒకటి, యోక్. రెండు యోక్‌లూ వేరువేరు గొట్టాల మీద చేశావు. నిజంగా అక్కడ మధ్యలోంచి ఒకే స్తంభం లేచి, పైన రెండుగా చీలి, ఇద్దరి ముందుకీ వస్తుంది, పంగల కర్రలాగా. ముందుకి తోస్తే ఆ మొత్తం స్తంభం కదలాలి. ఎడమ చక్రం తిప్పితే కుడిదీ తిరగాలి. యానిమేషన్‌లో స్తంభాన్ని పేరెంట్‌గా, రెండు చక్రాలను దానికి పిల్లలుగా పెట్టు.

రెండోది, పవర్ లివర్లు పైకప్పుకి ఉంటాయి. రెక్క పైన, ఇంజన్లు రెక్కకి, కేబుళ్లు కప్పు గుండా వెళ్తాయి కాబట్టి లివర్లూ అక్కడే. పవర్, ప్రొపెల్లర్, ఫ్యూయల్ లివర్లు, రెక్క వెనక పలకల్ని దించే ఫ్లాప్ లివర్ అన్నీ తల మీద. టేకాఫ్‌లో పైలట్ చెయ్యెత్తి పట్టుకుని ఉంటాడు. అంటే ఆ లివర్ల పిడులు అతని కంటికి దాదాపు జానెడు, జానెడున్నర దూరంలోకి వస్తాయి. కాక్‌పిట్ మొత్తంలో అతి దగ్గరగా కనిపించే వస్తువులు అవే. నీ మోడల్‌లో అవి ఎనిమిది పలకల గొట్టాలు. నీ దగ్గరున్న ట్రయాంగిల్స్ ముందు ఇక్కడ పొయ్యి. పవర్ లివర్ పిడిని మెలితిప్పితేనే రివర్స్‌లోకి వెళ్తుంది, కాబట్టి ఆ మెలి కూడా యానిమేషన్‌లో రావాలి. నీళ్ల మీద బ్రేకులు ఉండవు, ఆ రివర్సే ఆధారం.

లివర్ల ఆకారం గురించి ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్ పైలట్లు దిగాక ఫ్లాప్స్ స్విచ్ అనుకుని చక్రాల స్విచ్ వేసేసేవాళ్లు. రెండూ పక్కపక్కనే ఒకేలా ఉండేవి. ఆల్ఫోన్స్ చాపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చక్రాల స్విచ్‌కి చిన్న చక్రం, ఫ్లాప్స్ స్విచ్‌కి రెక్క ఆకారం పెట్టించాడు. ఇవాళ్టికీ బోయింగ్‌లో అలాగే ఉంటాయి. కాక్‌పిట్‌లో ఏ ఆకారమూ అలంకారం కోసం ఉండదు. ఒక పిడి ఎందుకలా ఉందో తెలియకుండా దాన్ని చెయ్యొద్దు, తెలుసుకుని చేస్తే ఏది ముఖ్యమో అదే చెబుతుంది.

ఇక ఫ్రేమ్ రేట్. లెక్క వేసి చూపిస్తాను. 8కె టెక్స్చర్ ఒకటి బీసీ7 అనే పద్ధతిలో కుదించినా 64 మెగాబైట్లు, మిప్‌మ్యాప్‌లతో (దూరానికి వాడే చిన్న నకళ్లతో) కలిపి 85 చిల్లర. ఒక్కో సెట్‌కి రంగు, నార్మల్ (ఎత్తుపల్లాలు చూపేది), కాంపోజిట్ (గరుకు, లోహం లాంటివి చెప్పేది) అని మూడు చిత్రాలు. అంటే 256. పన్నెండు సెట్లకి 3,072 మెగాబైట్లు. ఎనిమిది జీబీల గ్రాఫిక్స్ కార్డులో మూడు జీబీలు నీ కాక్‌పిట్‌కే పోతే బయట అమరావతి, కృష్ణా నది, మబ్బులు ఎక్కడ పడతాయి? 4కెకి దించితే అదే 768 మెగాబైట్లు.

నాణ్యత పోతుందని భయపడకు. ప్యానెల్ కంటికి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో. అడ్డంగా 60 డిగ్రీల చూపుతో ఆ దూరంలో దాదాపు 81 సెంటీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. 1920 పిక్సెళ్ల మానిటర్ అయితే సెంటీమీటరుకి 24 పిక్సెళ్లు, 4కె మానిటర్ అయితే 48. నీ టెక్స్చర్ సెంటీమీటరుకి 40 పిక్సెళ్లు ఇస్తే మామూలు చూపుకి సరిపోతుంది. ఆ లెక్కన 4కె టెక్స్చర్ ఒకటి మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్యానెల్‌ని కప్పేస్తుంది. నేలకి, వెనక గోడకి సెంటీమీటరుకి 10 చాలు. నువ్వు నేలకి 90 ఇచ్చావు, పైకప్పు ప్యానెల్ అక్షరాలకి 15. తలకిందులైంది.

ట్రయాంగిల్స్‌లోనూ అంతే. ఒక్కో స్క్రూ తలకి 1,200 పెట్టి నాలుగు వందల స్క్రూలు చేశావు. 4,80,000 అక్కడే పోయాయి. ఒక మంచి స్క్రూ హై పాలీలో (ఎక్కువ ట్రయాంగిల్స్‌తో) చేసి నార్మల్ మ్యాప్‌లోకి బేక్ చెయ్యి, అంటే దాని ఎత్తుపల్లాలని ఆ చిత్రంలోకి దించు, అంతటా అదే వాడు. ప్రతి స్క్రూ గాడినీ వేరే కోణంలో తిప్పు. నిజంగా ఎవరూ గాడులన్నీ ఒకే దిక్కుకి బిగించరు. ఒకటి రెండు స్క్రూలు వేరే రకంవి పెట్టు, మెకానిక్ దొరికింది వేసినట్టుగా. బేక్ చేశాక స్క్రూలు గుంటల్లా కనిపిస్తే నార్మల్ మ్యాప్‌లో ఆకుపచ్చ ఛానెల్ తిరగబడిందని అర్థం.

మిగిలిన ట్రయాంగిల్స్ అంచులకి పెట్టు. కొండపల్లి బొమ్మ చూశావు కదా. చెయ్యి వేరు, మొండెం వేరు తెల్లపొణికి చెక్కతో చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ అతుకు దగ్గర కత్తి లాంటి అంచు ఉండదు, మెత్తగా ఒదిగిపోతుంది. లోకంలో ఏ వస్తువుకీ కంప్యూటర్లో ఉన్నంత పదునైన అంచు ఉండదు. రేకు వంచిన చోట, ప్లాస్టిక్ పోత పోసిన చోట అర మిల్లీమీటరైనా గుండ్రం ఉంటుంది. వెలుగు ఆ అంచు మీద సన్నటి గీతలా మెరుస్తుంది, వస్తువుకి బరువు వచ్చేది ఆ గీతతోనే. నీ గ్లేర్‌షీల్డ్ (ప్యానెల్ పైన ముందుకొచ్చే చూరు) అంచుకి, పైన కన్సోల్ అంచుకి బెవెల్ పెట్టి, అంటే కాస్త గుండ్రం చేసి చూడు.

మెటీరియల్స్‌లో మూడు తప్పులు కనిపించాయి.

గ్లేర్‌షీల్డ్ నిగనిగలాడుతోంది. అది ఉన్నదే మెరుపు రాకుండా. ముందు అద్దంలో ప్రతిబింబం పడకూడదని దాన్ని మెరుపు లేని నలుపులో చేస్తారు. రఫ్‌నెస్, అంటే గరుకుతనం విలువ, 0.85 దగ్గర పెట్టు. నలుపు అంటే సున్నా కూడా పెట్టొద్దు. ఎస్‌ఆర్‌జీబీ రంగు విలువల్లో (0 నుంచి 255 దాకా) 30 నుంచి 50 మధ్య ఉండాలి, లేకపోతే వెలుగు పడ్డా ఏమీ మారదు, రంధ్రంలా కనిపిస్తుంది.

రంగు వేసిన ప్యానెల్‌కి మెటాలిక్ 0.5 ఇచ్చావు. అడుగున రేకు ఉన్నా పైన ఉన్నది పెయింట్, దానికి మెటాలిక్ సున్నా. రంగు ఊడిన చోట మాత్రమే ఒకటి. ఆ ఊడిన చోటు కూడా నేరుగా తెల్లటి లోహం కాకూడదు. విమానాల రేకుకి పెయింట్ కింద పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో ప్రైమర్ ఉంటుంది. లోతు గీత మధ్యలో అల్యూమినియం, చుట్టూ ఆ పచ్చటి అంచు, దాని చుట్టూ పెయింట్. ఈ మూడు పొరలు కనిపించగానే అది నిజం రేకు అయిపోతుంది.

మూడోది, ఫొటోలు నేరుగా అంటించావు. ఎఫ్‌ఎస్ 2004 రోజుల్లో మేమూ అదే చేసేవాళ్లం, అప్పటికి వేరే దారి లేదు. ఇప్పుడు సిమ్యులేటర్ తనే నీడలు వేస్తుంది. ఫొటోలో ఎడమ కిటికీ నుంచి పడ్డ నీడ అలాగే ఉండిపోయి, సూర్యుడు కుడి వైపు ఉన్నప్పుడు కూడా నాబ్‌లకి రెండు నీడలు కనిపిస్తున్నాయి. ఫొటోని చూసి రంగు తీసుకో, ఫొటోని తొడగొద్దు. మబ్బు పట్టిన రోజు తీసిన ఫొటో అయితే కాస్త పనికొస్తుంది.

ఇప్పుడు అరుగుదల. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. నువ్వు ఒక రెడీమేడ్ స్మార్ట్ మెటీరియల్ వేసి అన్ని అంచులకీ సమానంగా గీతలు పెట్టావు. ఎవరి చెయ్యీ తగలని పైకప్పు మూల కూడా అరిగిపోయింది, రోజూ వందసార్లు పట్టుకునే ఫ్లాప్ లివర్ కొత్తదిలా ఉంది. ఆటోనగర్‌కి వచ్చి ఓ పాత లారీ క్యాబిన్ ఎక్కి చూడు. స్టీరింగ్‌కి పై రెండు వైపులా గరుకుతనం పోయి నున్నగా, నల్లగా మెరుస్తుంది. గేర్ రాడ్ తల మీద అంకెల్లో ముందు పోయేవి ఒకటి, రెండు. తలుపు పక్క మోచెయ్యి ఆనే చోట రంగు పోయి ఉంటుంది. డ్యాష్‌బోర్డు పైభాగం మన ఎండకి వెలిసి బూడిద రంగులోకి మారుతుంది, సన్ వైజర్ నీడ పడే భాగం మాత్రం పాత రంగుతోనే ఉంటుంది. దుమ్ము మీటరు అద్దం మధ్యలో ఉండదు, అక్కడ గుడ్డతో తుడుస్తారు. గుడ్డ చేరని అంచుల వెంట, రింగు మూలల్లో నెలవంకలా పేరుకుంటుంది.

ఈ తర్కాన్నే నీ కాక్‌పిట్‌లోకి తీసుకెళ్లు. పైలట్ సీట్లోకి ఎక్కేటప్పుడు ఎక్కడ చెయ్యి ఆనిస్తాడు? బూటు ఎక్కడ తగులుతుంది? రడ్డర్ పెడల్ మధ్యలో అరుగుతుంది, చుట్టూ గరుకుగానే ఉంటుంది. పైన లివర్ల పిడుల మీద చెమట, జిడ్డు పట్టి రఫ్‌నెస్ తగ్గాలి. ఎక్కువమంది ఊరికే రంగు మార్చి వదిలేస్తారు. చెయ్యి తగిలిన జాడ రంగులో కన్నా మెరుపులో ఎక్కువ తెలుస్తుంది, కాబట్టి ముందు రఫ్‌నెస్ మ్యాప్ మీద పని చెయ్యి. ఇంజన్ మంట ఆర్పే హ్యాండిల్స్ ఎవరూ ముట్టుకోరు, అవి కొత్తగా, కాస్త దుమ్ముతో ఉండాలి. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువుల్లో ఒకటి అరిగి ఒకటి కొత్తగా ఉంటే, ఆ విమానాన్ని ఎలా నడుపుతారో చూసేవాడికి చెప్పకుండానే తెలుస్తుంది.

అక్షరాలు కూడా చూసుకో. వెనక నుంచి వెలిగే ప్యానెళ్లలో అక్షరాలు ముద్రించినవి కావు. పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్ల పొర, దాని మీద ముదురు రంగు వేసి, ఆ రంగుని అక్షరం ఆకారంలో చెక్కుతారు. అందుకే పగలు తెల్లగా కనిపించే అక్షరమే రాత్రి లోపలి దీపంతో వెలుగుతుంది. వాటి చుట్టూ రంగు పెచ్చు లేస్తుంది కానీ అక్షరం చెరిగిపోదు. స్టిక్కర్ ప్లకార్డులైతే మూలలు లేస్తాయి, పసుపు పడతాయి. నువ్వు రెండింటినీ ఒకేలా అరగదీశావు. రాత్రి వెలుగు కూడా అంతటా సమానంగా ఉంది. దీపానికి దగ్గరున్న అక్షరం కాస్త ఎక్కువగా, దూరంగా ఉన్నది తక్కువగా వెలగాలి. ఎమిసివ్ మ్యాప్‌లో (ఏది ఎంత వెలగాలో చెప్పే చిత్రంలో) ఆ కొద్ది తేడా పెట్టు.

ఇప్పుడు సూదులు. నీ వీడియో చూసినప్పుడు నాకు బాధ కలిగింది ఇక్కడే, ఎందుకంటే ఒకప్పుడు నేనూ సరిగ్గా ఇదే చేశాను.

చాలా ఏళ్ల క్రితం నా మొదటి కాక్‌పిట్ పూర్తి చేసి, గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక రిటైర్డ్ కెప్టెన్ గారికి చూపించాను. ఆవ్రో విమానాలు నడిపిన మనిషి. రంగులు, స్విచ్‌లు అన్నీ చూసి బాగుందన్నారు. ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయన మీటర్ల వైపు ఒక నిమిషం చూసి, "బాబూ, ఇంజన్ ఆడుతున్నట్టు నాకు అనిపించట్లేదు" అన్నారు. శబ్దం తగ్గించానేమో అనుకున్నాను. ఆయన చెప్పింది సూదుల గురించి. అన్నీ ఒకేసారి లేచి, ఒకే వేగంతో వెళ్లి, గీసినట్టు ఆగిపోయాయి. "మేము ఇంజన్‌ని చెవితో సగం, సూది నడకతో సగం వింటాం. సూది ఎక్కడుందో కాదు, ఎలా వచ్చిందో చూస్తాం" అన్నారు. నాన్న షాపులో రోజూ చూసిన సంగతే. కంప్యూటర్ ముందు కూర్చునేసరికి మర్చిపోయాను.

ట్విన్ ఆటర్‌ ఇంజన్లు ప్రాట్ అండ్ విట్నీ కెనడా పీటీ6ఏలు. దాంట్లో గాలిని నొక్కే కంప్రెసర్ ఒక ఇరుసు మీద, ప్రొపెల్లర్‌ని తిప్పే టర్బైన్ వేరే ఇరుసు మీద ఉంటాయి. రెంటికీ మధ్య లోహపు బంధం లేదు, వేడి గాలి మాత్రమే. అందుకని స్టార్ట్ ఒక కథలా నడుస్తుంది. స్టార్టర్ నొక్కగానే కంప్రెసర్ వేగం చూపే ఎన్‌జీ సూది నెమ్మదిగా లేస్తుంది, ఉష్ణోగ్రత సూది ఇంకా లేవదు. 12 శాతం దాటాక ఫ్యూయల్ లివర్ తోస్తారు. మంట అంటుకోగానే టీ5 ఉష్ణోగ్రత సూది ఒక్కసారిగా పైకి ఎగసి, శిఖరం తాకి, మళ్లీ కిందికి దిగుతుంది. పైలట్ చూపు ఆ క్షణంలో దాని మీదే ఉంటుంది, హద్దు దాటితే వెంటనే ఇంధనం ఆపాలి. ప్రొపెల్లర్ ఆ తర్వాత తీరిగ్గా తిరగడం మొదలుపెడుతుంది. ఎన్‌జీ 50 శాతం చుట్టుపక్కల ఐడిల్‌కి, అంటే ఇంజన్ ఊరికే ఆడే వేగానికి చేరుతుంది. నీ వీడియోలో ఈ సూదులన్నీ రెండు సెకన్లలో కలిసి లేచాయి. ఈ ఒక్క వరస సరిచేస్తే నీ స్నేహితులు బొమ్మ అనే మాట మళ్లీ అనరు.

చెయ్యడం కష్టం కాదు. సిమ్యులేటర్ విలువకి సూదిని నేరుగా కట్టొద్దు, మధ్యలో నీ సొంత వేరియబుల్ ఒకటి పెట్టు. ప్రతి ఫ్రేమ్‌లో కొత్త స్థానం అంటే, పాత స్థానానికి, అసలు విలువకీ పాత స్థానానికీ ఉన్న తేడాని ఫ్రేమ్ సమయంతో గుణించి సూది ఆలస్యంతో భాగించి కలపడం. ఫ్రేమ్ సమయంతో గుణించడం మర్చిపోతే నీ కంప్యూటర్లో ఒకలా, 30 ఫ్రేములు వచ్చేవాడి దగ్గర ఇంకోలా కదులుతుంది. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) సూదికి ఆలస్యం తక్కువ, ఉష్ణోగ్రత సూదికి ఎక్కువ. బరువున్న సూదికి స్ప్రింగ్, డ్యాంపింగ్ లెక్క వేస్తే విలువని కాస్త దాటి వెనక్కి వస్తుంది. అది ఒక్కసారే రావాలి. మూడు నాలుగుసార్లు ఊగితే అది రిపేరుకి వచ్చిన మీటరు. పైన చాలా కొద్దిగా వణుకు కలుపు, అది ప్రొపెల్లర్ వేగంతో మారాలి, ఇంజన్లు ఆగితే పూర్తిగా ఆగాలి.

ఎక్కే, దిగే వేగం చూపే వర్టికల్ స్పీడ్ సూది స్థిరమైన విలువ చూపడానికి ఆరు నుంచి తొమ్మిది సెకన్లు పడుతుంది. ముక్కు దించగానే దిశ మాత్రం వెంటనే చూపుతుంది. గాలితో తిరిగే గైరో ఉన్న హారిజన్ మీటర్ (విమానం ఎటు వాలిందో చూపేది) అయితే ఇంజన్ ఆగి ఉన్నప్పుడు పక్కకి ఒరిగి ఉండి, మొదలయ్యాక తడబడుతూ నిలబడాలి. ముందు అద్దం దగ్గర ఉండే దిక్సూచి ఇంకా ముచ్చటైనది. మనలాంటి ఉత్తరార్ధగోళంలో తూర్పుకో పడమరకో వెళ్తూ వేగం పెంచితే అది ఉత్తరం వైపు జరిగినట్టు చూపుతుంది. గన్నవరం 08 రన్‌వే దాదాపు తూర్పు ముఖం కాబట్టి టేకాఫ్ పరుగులోనే అది కనిపించాలి. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం గనక మన దగ్గర ఆ జరుగుడు యూరప్‌లో కన్నా తక్కువ. కొంచెమే పెట్టు.

గాలి పీడనంతో ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ని ఊళ్లోనే పరీక్షించుకోవచ్చు. మన దేశంలో పీడనం హెక్టోపాస్కల్స్‌లో ఇస్తారు. నీ మీటర్ చిన్న కిటికీలో 29.92 ఉంది, అది అమెరికా అంగుళాల లెక్క. 1013 చూపే మీటరు చెయ్యి. స్థానిక పీడనం పెట్టాక గన్నవరంలో నేల మీద అది సుమారు 80 అడుగులు చూపాలి. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 57 అడుగులు, కాబట్టి పున్నమి ఘాట్ దగ్గర నీళ్ల మీద తేలుతున్నప్పుడు దాదాపు 60 అడుగుల దగ్గర ఉండాలి. నాబ్‌ని ఒక హెక్టోపాస్కల్ తిప్పితే సూది సుమారు 27 అడుగులు జరగాలి. నీ దాంట్లో నది మీద సున్నా చూపిస్తోంది.

స్విచ్‌ల గురించి ఎక్కువ చెప్పను. నీ టాగుల్ స్విచ్ అర సెకను పాటు సాఫీగా కదులుతోంది. నిజమైనది మొదట కాస్త ఎదిరించి, మధ్య దాటగానే టక్కున పడుతుంది. అంతా కలిపి సెకనులో పదో వంతు. క్లిక్ శబ్దం పడే క్షణంలో రావాలి, మొదలైనప్పుడు కాదు. అన్ని స్విచ్‌లకీ ఒకే శబ్దం పెట్టొద్దు, నాలుగు రకాలైనా రికార్డు చెయ్యి. మన ఇంట్లో పాత స్విచ్‌బోర్డులే దానికి చాలు.

చూసి నేర్చుకోవడానికి రెండు చోట్లు చెబుతాను. ఫ్లైబైవైర్ వాళ్లు సిమ్యులేటర్‌కి చేసిన ఎయిర్‌బస్ విమానం ఏ32ఎన్ఎక్స్ ఉచితం, దాని కోడ్ కూడా బహిరంగమే. మీటర్లు, స్విచ్‌ల ప్రవర్తన ఎలా రాశారో లైను లైను చదవొచ్చు. ఏరోసాఫ్ట్ వాళ్ల ట్విన్ ఆటర్ కూడా ఉంది, కొని ఎగరేసి చూడు, కాపీ మాత్రం చెయ్యకు. ఇంకొకటి, విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 మ్యూజియం. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో విరమించిన విమానం. సెల్ఫీల జనం వెళ్లే దాకా ఆగి, ఒక గంట ఆ లోపలి ఉపరితలాలనే చూడు. ఏవి చేతులతో అరిగాయి, ఏవి ఎండకి వెలిశాయి, ఏవి బూట్లతో అరిగాయి అని విడివిడిగా నోట్సు రాసుకో. నేను రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ నోట్‌బుక్ నిండింది.

చివరగా, వీటీ అక్షరాల ప్లకార్డు ఎక్కడ పెట్టాలని అడిగావు. ఇండియాలో రిజిస్టరైన విమానాల పేరు వీటీతో మొదలవుతుంది. రేడియోలో మాట్లాడేటప్పుడు పైలట్ తన విమానం పేరు చూసుకుని చెప్పాలి కాబట్టి అది కంటి ముందే, ప్యానెల్ పైభాగంలో ఉండాలి. నువ్వు పెట్టిన సీటు వెనక అది ఎవరికీ పనికిరాదు. అక్షరాలు నిజంగా ఎగురుతున్న ఏ విమానానివీ కాకుండా చూసుకో.

నువ్వు ఇంతవరకూ పెట్టిన ఎనిమిది నెలలూ వృథా కాలేదు. నీ సీట్ల కుట్టు, కిటికీ ఫ్రేముల ఆకారం చాలా బాగున్నాయి, వాటిని ముట్టుకోకు. కెమెరా జరుపు, టెక్స్చర్లు 4కెకి దించు, స్క్రూలు బేక్ చెయ్యి. ఆ తర్వాత మిగతావన్నీ పక్కన పెట్టి, ఎడమ ఇంజన్ ఎన్‌జీ, టీ5, టార్క్, ప్రొపెల్లర్ సూదులు నాలుగే తీసుకుని స్టార్ట్ వరస రాయి. శబ్దం తీసేసి వీడియో తియ్యి. సూదులు చూసి ఇంజన్ ఎప్పుడు అంటుకుందో నేను చెప్పగలిగితే, అప్పుడు కుడి ఇంజన్ సంగతి మాట్లాడుకుందాం.